వన్ వీ వన్‌లో 5-0 గెలిచా, స్క్వాడ్ మాత్రం ఓడింది: మెక్ గేమ్స్‌లో అసలు లెక్క ఇదీ

మా రూమ్ బ్రాడీపేట నాలుగో లైన్లో, మూడో అంతస్తు. కింద జిరాక్స్ షాపు, ఎదురుగా బ్యాంక్ ఎగ్జామ్స్ కోచింగ్ సెంటర్. వారమంతా ల్యాప్‌టాప్ ముందు వర్క్ ఫ్రమ్ హోమ్. శనివారం రాత్రి మాత్రం ఐదుగురం ఒకచోట చేరి ఫోన్లలో మెక్ గేమ్ ఆడతాం. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: మెక్ అంటే లోపల పైలట్ కూర్చుని నడిపే భారీ రోబో. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్ బ్యాన్ అయినప్పుడు మేం బీటెక్ థర్డ్ ఇయర్లో ఉన్నాం. టైంపాస్‌కి ఇందులో దిగాం. ఇప్పటికీ బయటికి రాలేదు.

మొన్న మార్చిలో ఒక శనివారం వరుసగా నాలుగు మ్యాచ్‌లు పోయాయి. ఓడినప్పుడు ఎవరైనా చేసేదే మేమూ చేశాం, స్కోర్‌బోర్డ్ తెరిచి ఎవరి డ్యామేజ్ తక్కువో వెతికాం. మాలో ఒకడు, వాడిని ఇక్కడ మా వాడు అనే అంటా, నాలుగింట్లోనూ అట్టడుగున ఉన్నాడు. "ఆడుతున్నావా, చూస్తున్నావా రా నువ్వు?" అని నేనే నోరు జారా. వాడికి పౌరుషం వచ్చింది. "అయితే రా మావా, వన్ వీ వన్ చూసుకుందాం" అన్నాడు. కస్టమ్ రూమ్ పెట్టాం. ఒక్క రౌండ్ కూడా వాడికి రాలేదు, 5-0. మా గోడ మీద కరెంట్ బిల్లు, పాల బాకీ రాసుకునే వైట్‌బోర్డ్ ఒకటుంది. దాని మీద ఇంతెత్తు అంకెలతో 5-0 అని రాశా.

తర్వాతి శనివారం వాడు రాలేదు. ఆ పై శనివారం కూడా రాలేదు.

వాడి ప్లేసులో పక్క రూమ్ కోచింగ్ కుర్రాడిని తీసుకున్నాం. ఎయిమ్ నాకంటే బాగుంటుంది. అయినా ఓడాం, ఇదివరకటికంటే ఘోరంగా. అప్పుడు పాత స్క్రీన్ రికార్డింగ్స్ తీసి చూస్తే విషయం బయటపడింది. మా వాడు ఫైట్‌లో ఉండేవాడు కాదు. పాయింట్ క్యాప్చర్ చేసేవాడు, మూల దగ్గర నిలబడి ఇద్దరు శత్రువుల్ని తన వైపు తిప్పుకునేవాడు, "కుడి సందులో ఇద్దరు, ఒకడికి షీల్డ్ లేదు" అని చెప్పేవాడు. ఆ ఇద్దరూ వాడి వెంట పడుతున్నంతసేపూ మేం నలుగురం మిగిలిన ముగ్గురి మీద పడేవాళ్లం. స్కోర్‌బోర్డ్‌లో దీనికి కాలమ్ లేదు.

అంటే ఒకే గేమ్, ఒకే రోబో, ఒకే ఆయుధం. వన్ వీ వన్‌లో వాడు సున్నా, టీమ్‌లో వాడు లేకపోతే మేం సున్నా. ఈ రెండిటినీ ఒకే గేమ్‌లో బ్యాలెన్స్ చేయడం ఎందుకంత కష్టం అని పట్టుకుని కూర్చున్నా. ఆఫీసు పని కంటే దీని మీదే ఎక్కువ ఆలోచించానేమో.

ముందు లెక్క

ఒక రోబోకి 1000 హెచ్‌పీ, సెకనుకి 100 డ్యామేజ్ అనుకోండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటే 10 సెకన్లలో ఇద్దరూ పోతారు. సరిసమానం.

ఇప్పుడు ఇద్దరు కలిసి ఒకడిని కొడితే? ఆ ఒక్కడు 5 సెకన్లలో పోతాడు. ఆ 5 సెకన్లలో వాడు ఇవ్వగలిగింది 500 డ్యామేజ్. ఇద్దరి మొత్తం హెచ్‌పీ 2000లో 1500 ఇంకా మిగిలే ఉంది, పైగా ఇద్దరూ బతికే ఉన్నారు. ముగ్గురు కలిసి ఒకడిని కొడితే వాడు 3.3 సెకన్లే. మూడు వేలలో పోయేది 333. జనం పెరిగే కొద్దీ గెలుపు చవకైపోతుంది.

దీన్ని తిరగేసి చూద్దాం. ఆ ఒక్కడు ఇద్దరితో సమంగా నిలవాలంటే వాడి రోబో ఎంత బలంగా ఉండాలి? మొదటివాడిని చంపే 10 సెకన్లలో ఇద్దరి దెబ్బలూ తింటాడు, 2000. రెండోవాడిని చంపే 10 సెకన్లలో ఒకడి దెబ్బలు, 1000. మొత్తం 3000 హెచ్‌పీ కావాలి. రెండింతలు కాదు, మూడింతలు. ముగ్గురితో అయితే 3000, 2000, 1000 కలిపి ఆరింతలు. నలుగురితో పదింతలు. నేను పైథాన్‌లో పది లైన్ల స్క్రిప్ట్ రాసి మరీ చూసుకున్నా, కాగితం మీద కూడా వచ్చే లెక్కే.

ఇది కొత్త సంగతేం కాదు. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అని బ్రిటన్‌లో కార్లు తయారు చేసిన ఇంజినీర్ ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1916లో, విమానాల యుద్ధం మీద రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. దూరం నుంచి కాల్చుకునే యుద్ధంలో సైన్యం బలం దాని సంఖ్య వర్గానికి తగ్గట్టు పెరుగుతుందని. కత్తులతో ఒకరికొకరు తలపడే కాలంలో ఈ సూత్రం పనిచేయదు, ఎందుకంటే ఒకడి ముందు ఒకడే నిలబడగలడు. తుపాకీ వచ్చాక అందరూ కలిసి ఒకడినే కాల్చొచ్చు. మెక్ గేమ్స్‌లో చేతిలో లేజర్ ఉంటుంది, నడుముకి కత్తి కూడా ఉంటుంది. అందుకే ఇక్కడ రెండు లెక్కలూ ఒకేసారి నడుస్తాయి.

డెవలపర్ ఇరుక్కునేది ఇక్కడే. టీమ్ మ్యాచ్‌లో ఒంటరిగా దొరికినవాడు బతకాలని ఒక రోబోకి బలం పెంచితే అదే రోబో వన్ వీ వన్‌లో రాక్షసి అవుతుంది. వన్ వీ వన్‌లో అన్నీ సమంగా ఉండాలని నంబర్లు దిద్దితే, టీమ్‌లో ఒంటరివాడు ఎప్పుడూ బలిపశువే. హెచ్‌పీ, డ్యామేజ్ అనే రెండు స్క్రూలు తిప్పి ఈ సమస్య తీర్చలేం. నంబర్లతో కాదు, రూల్స్‌తోనే తీర్చాలి.

పెద్ద గేమ్స్ ఏం చేశాయి

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ల ఆర్మర్డ్ కోర్ 6 తీసుకోండి, 2023 ఆగస్టులో వచ్చింది. ఇందులో హెచ్‌పీతో పాటు ఏసీఎస్ అని ఇంకో గేజ్ ఉంటుంది. దెబ్బలు తగిలే కొద్దీ అది నిండుతుంది, నిండితే రోబో కాసేపు కొయ్యబారిపోతుంది, ఆ కాసేపట్లో తగిలే దెబ్బకి డ్యామేజ్ ఎక్కువ. దెబ్బలు ఆగితే గేజ్ మళ్లీ దిగుతుంది. వన్ వీ వన్‌లో ఇది అద్భుతమైన డిజైన్. నా గేజ్ నిండబోతోందంటే వెనక్కి తగ్గుతా, నువ్వు వెంటపడతావా ఆగుతావా అన్నది నీ ఇష్టం. చదరంగంలా ఉంటుంది. కానీ ఇదే గేమ్‌లో 3 వర్సెస్ 3 కూడా ఉంది. అక్కడ నేను వెనక్కి తగ్గితే రెండోవాడి మిసైల్స్ వచ్చి గేజ్‌ని దిగనివ్వవు. ఊపిరి తీసుకునే సందు పోతుంది. వన్ వీ వన్‌లో గొప్పగా ఉన్న రూల్ టీమ్‌లోకి వచ్చేసరికి ఒంటరివాడి మెడకి ఉచ్చు. వాళ్లు 2023 డిసెంబర్ అప్‌డేట్‌లో ర్యాంక్డ్ మ్యాచ్‌లు తెచ్చినప్పుడు సింగిల్‌కి, టీమ్‌కి వేరువేరుగా పెట్టారు. నిజాయితీగల పరిష్కారమే. రెండూ ఒకటి కాదని ఒప్పుకున్నట్టే కదా.

మెక్‌వారియర్ ఆన్‌లైన్ది ఇంకో కథ. కెనడాలోని పిరానా గేమ్స్ 2013లో తెచ్చిన పీసీ గేమ్, 12 వర్సెస్ 12. రోబోలు 20 టన్నుల నుంచి 100 టన్నుల దాకా ఉంటాయి. లాంగ్ రేంజ్ మిసైల్స్ అనే ఆయుధం ఉంది, మీరు కొండ వెనక దాక్కుని కూడా పేల్చొచ్చు, ముందున్న మీ వాడు శత్రువుని లాక్ చేసి ఉంచితే చాలు. టీమ్‌లో ఇది పీడకల. అదే వన్ వీ వన్‌లో మీకు లాక్ చేసిపెట్టేవాడే లేడు, శత్రువు దగ్గరికొచ్చేస్తే ఆ మిసైల్స్ దాదాపు బరువు తప్ప ఏం లేదు. దీని పవర్ ఎంత అని అడిగితే సమాధానమే లేదు. పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

2018లో వాళ్లు సోలారిస్ 7 పేరుతో ఫ్యాన్స్ ఎప్పటినుంచో అడుగుతున్న డ్యూయల్ మోడ్ తెచ్చారు. వన్ వీ వన్, టూ వీ టూ. చిన్న రోబో పెద్ద రోబోకి దొరక్కుండా ఏడు డివిజన్లు చేశారు. చదవడానికి న్యాయంగా ఉంది. కానీ సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు వెంటనే కనిపించేది వేరు: ఏడు డివిజన్లు, రెండు మోడ్లు, అంటే 14 క్యూలు. ఉన్న జనాన్ని 14 గదుల్లోకి పంచితే ప్రతి గదిలోనూ ఒకడు కూర్చుని రెండోవాడి కోసం ఎదురుచూస్తుంటాడు. అక్కడ క్యూ నిండటమే కష్టమైపోయింది. డ్యూయల్‌ని వేరే ఇంట్లో కాపురం పెట్టిస్తే వచ్చే చిక్కు ఇదే. కోట్లమంది ఆడే గేమ్ అయితే పర్లేదు, మెక్ గేమ్స్‌కి అంత జనం ఎప్పుడూ లేరు.

నాకు అన్నిటికంటే నచ్చింది టైటాన్‌ఫాల్ 2. రెస్పాన్ వాళ్లు 2016 అక్టోబర్‌లో తెచ్చారు. అందులో టైటాన్ షీల్డ్ దానంతటది తిరిగి నిండదు. నిండాలంటే బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీ ఎక్కడుంటుంది? శత్రువు టైటాన్ మీద. రోబో లేని ఒట్టి పైలట్ ఆ టైటాన్ మీదకి ఎగిరి దూకి, బ్యాటరీ పీక్కుని, పరిగెత్తి తన వాడి టైటాన్‌కి పెడతాడు. దీన్ని రోడియో అంటారు. గమనించండి, ఇక్కడ జరిగేది ఒంటరి సాహసం. కానీ దాని ఫలితం టీమ్ ఖాతాలో పడుతుంది. పైగా టైటాన్ పేలిపోయినా పైలట్ ఎజెక్ట్ అయి బయటపడి, మళ్లీ అదే పని చేయగలడు. గన్ ఎయిమ్ రానివాడికి కూడా ఆటలో ఒక పని ఉంది. మా వాడు ఈ గేమ్ ఆడి ఉంటే స్కోర్‌బోర్డ్ మరోలా ఉండేది.

ఇక 2025 జులైలో వచ్చిన మెకా బ్రేక్‌లో 3 వర్సెస్ 3 అరీనా, 6 వర్సెస్ 6 ఆబ్జెక్టివ్ మోడ్ రెండూ ఉన్నాయి. అందులో తోటివాళ్లని రిపేర్ చేసే సపోర్ట్ రోబో పేరు పినాక. శివధనుస్సు పేరు! మన నెల్లూరు పెన్నని పినాకిని అనే పిలుస్తాం కదా, చూడగానే భలే అనిపించింది. కానీ శివుడి విల్లు పేరు పెట్టి చేత రిపేర్లు చేయిస్తున్నారేంట్రా అని మా రూమ్‌లో పెద్ద చర్చే జరిగింది. సపోర్ట్ రోబో కూడా లాంగ్ రేంజ్ మిసైల్ లాంటిదే. పక్కన మనిషి ఉంటే దేవుడు, లేకపోతే నడిచే టార్గెట్.

మొబైల్‌కి వస్తే, 2014 నుంచీ ఉన్న వార్ రోబోట్స్ 6 వర్సెస్ 6, 2021లో వచ్చిన మెక్ అరీనా 5 వర్సెస్ 5, దాంతో పాటు టూ వీ టూ. రెండూ ఒక తెలివైన పని చేశాయి. గెలుపుని చంపడం మీద కాకుండా బీకన్లు, కంట్రోల్ పాయింట్ల మీద పెట్టాయి. ఒకేసారి చాలా చోట్ల కాపలా కాయాలంటే గుంపుగా తిరగడం కుదరదు. జట్టు విడిపోతుంది, విడిపోయిన చోట సహజంగా ఒకరికి ఒకరు ఎదురుపడతారు. ఎవరూ డ్యూయల్ మోడ్ అని పేరు పెట్టకుండానే మ్యాచ్ లోపల పది డ్యూయల్స్ జరిగిపోతాయి.

అయితే ఫ్రీ గేమ్స్‌లో ఇంకో గొడవ ఉంది, అప్‌గ్రేడ్ లెవెల్స్. టీమ్‌లో ఒకడి రోబో లెవెల్ తక్కువైనా మిగతావాళ్లు కాస్తారు. వన్ వీ వన్‌లో ఎవడూ కాయడు, జేబు చూసి స్కోర్ చెప్పేయొచ్చు. ఆ 5-0లో నా రోబో వాడి రోబో కంటే రెండు లెవెల్స్ పైన ఉందన్న సంగతి నేను వైట్‌బోర్డ్ మీద రాయలేదు.

ఫోన్ సంగతి కూడా రాయలేదు

నాది 120 హెర్ట్జ్ ఫోన్, గేమ్ 120 ఎఫ్‌పీఎస్‌లో నడుస్తుంది. మా వాడిది నాలుగేళ్ల కింద 12 వేలకి కొన్న ఫోన్, గేమ్ అందులో 30 దాటదు. 120 దగ్గర ఒక్కో ఫ్రేమ్ 8.3 మిల్లీసెకన్లకి మారుతుంది, 30 దగ్గర 33.3. అంటే నేను నాలుగు బొమ్మలు చూసే లోపు వాడు ఒక్కటి చూస్తున్నాడు. నేను గోడ చాటు నుంచి బయటికొచ్చిన సంగతి వాడి స్క్రీన్‌కి ఎక్కేసరికే ఆలస్యం. దీనికి టచ్ శాంప్లింగ్ తోడు. అది రిఫ్రెష్ రేట్ కాదు, స్క్రీన్ మన వేలిని సెకనుకి ఎన్నిసార్లు చదువుతుందన్నది. ప్రచారంలో రెండిటినీ కలిపేస్తారు, కొనేటప్పుడు విడిగా చూడండి.

అన్నిటికంటే పెద్దది వేడి. ఎండాకాలం గుంటూరు గురించి మీకు చెప్పక్కర్లేదు. ఏసీ లేని మూడో అంతస్తు రూమ్‌లో, రాత్రి పదికి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. పదిహేను నిమిషాలు ఆడేసరికి ఫోన్ తనని తాను కాపాడుకోవడానికి చిప్ స్పీడ్ తగ్గిస్తుంది, బ్రైట్‌నెస్ కూడా దించేస్తుంది. మూడో రౌండ్ నుంచి మా వాడు 30లో కూడా లేడు, అంతకంటే కిందే. అందుకే గేమింగ్ కోసం ఫోన్ చూసేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే: బెంచ్‌మార్క్ మొదటి స్కోర్ చూసి మురిసిపోకండి, ఇరవై నిమిషాలు ఆడాక ఎంత మిగిలిందో చూపించే రివ్యూ వెతకండి.

ఇది బ్యాలెన్స్‌కి సంబంధించిన విషయం ఎలా అయింది అంటారా? వన్ వీ వన్‌లో ఆ 25 మిల్లీసెకన్లే ఆట మొత్తం. టీమ్‌లో బీకన్ మీద నిలబడటానికి, ఎవడు ఎటు పోతున్నాడో చెప్పడానికి, మూల చూసుకుని దాక్కోవడానికి 30 ఎఫ్‌పీఎస్ చాలు. మన దగ్గర ఈ గేమ్స్ ఆడేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది వాడి ఫోన్ లాంటిదే, నా ఫోన్ లాంటిది కాదు. డ్యూయల్ చుట్టూ గేమ్ కడితే వాళ్లందరికీ తలుపు మూసేసినట్టే.

మూల అన్నా కదా, దాని గురించి కాస్త. బ్రాడీపేట మ్యాప్ చూసినవాళ్లకి తెలుసు, లైన్లు ఇటు, అడ్డరోడ్లు అటు, గళ్ల నోట్‌బుక్‌లా ఉంటుంది. అడ్రస్ 4/14 అని రాస్తే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఇద్దరు మీ వెంట పడ్డారనుకోండి. మిర్చి యార్డులాంటి ఖాళీ స్థలంలో అయితే ఇద్దరూ ఒకేసారి కాలుస్తారు, మీకు 5 సెకన్లే. అదే మా లైన్లలో అయితే ఒక అడ్డరోడ్డులోకి తిరిగితే చాలు. ముందున్నవాడు మలుపు తిరిగి కనిపిస్తాడు, వెనకవాడికి మీరింకా కనిపించరు. టూ వీ వన్ కాస్తా ఒకదాని తర్వాత ఒకటి రెండు వన్ వీ వన్‌లు అయిపోతుంది. మూడింతల బలం కావాల్సిన చోట రెండింతలతో సరిపోతుంది. రోబో నంబర్లు ముట్టుకోకుండా మ్యాప్ గీసేవాడు చేయగల బ్యాలెన్స్ ఇది. మా వాడు ఇదే చేసేవాడు, ఎవరూ నేర్పకుండానే.

హరికృష్ణ చదరంగం, మన చెడుగుడు

జట్టు ఆటలో ఒంటరి పోరు ఎలా పెట్టాలన్నదానికి నాకు రెండు నమూనాలు కనిపించాయి. ఒకటి చెస్ ఒలింపియాడ్. మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంట్యాల హరికృష్ణ 2024లో బుడాపెస్ట్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు, మన వరంగల్ అర్జున్ ఇరిగేసి కూడా. అక్కడ నాలుగు బోర్డులు, నాలుగు డ్యూయల్స్, పాయింట్లు కూడతారు. పక్క బోర్డు వాడికి ఎత్తు చెప్పకూడదు. పేరుకి జట్టు, ఆట మాత్రం ఒంటరిదే. అందుకే అక్కడ ఈలో రేటింగ్ చక్కగా పనిచేస్తుంది. మెక్ గేమ్‌లో ఐదుగురి గెలుపోటములు చూసి ఒక్కొక్కడి రేటింగ్ లాగడం అంత సులువు కాదు, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కోసం ట్రూస్కిల్ అనే వేరే పద్ధతి తయారు చేసుకుంది ఇందుకే.

రెండోది కబడ్డీ. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. రైడర్ ఒక్కడు, ఎదురుగా ఏడుగురు. లాంచెస్టర్ లెక్క ప్రకారం వాడు ఇంటికి తిరిగి రాకూడదు. కానీ వస్తాడు, ఎందుకంటే రూల్స్ వాడికి బలం ఇచ్చాయి. వాడు వాళ్లని చంపక్కర్లేదు, ముట్టుకుని గీత దాటితే చాలు. టైం 30 సెకన్లే. అవతల ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే బోనస్ గీత పనిచేస్తుంది, అంటే గుంపు పెద్దదయితే ఒంటరివాడికి అదనపు అవకాశం. ఇటు డిఫెన్స్‌లో ముగ్గురు లేదా అంతకంటే తక్కువ మిగిలి రైడర్‌ని పట్టేస్తే సూపర్ ట్యాకిల్, మామూలు పాయింట్‌కి ఇంకోటి అదనం. తక్కువ మంది ఉన్న పక్షానికి ఆట దానంతటదే మొగ్గు ఇస్తుంది. ఎవరి కండ బలమూ మార్చలేదు, ఎవరి హెచ్‌పీ పెంచలేదు. మెక్ గేమ్ డిజైనర్లు ఒక్క సీజన్ ప్రో కబడ్డీ చూస్తే చాలనిపిస్తుంది, మన టీమ్ పేరు కూడా తెలుగు టైటాన్సే.

దీన్ని మా రూమ్‌లో పెట్టి చూడాలనుకున్నా. దానికి ముందు మా వాడు రావాలి. ఫోన్ చేసి సారీ చెప్పా. "బోర్డు మీద అది ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉందన్నా. "ఉండనీ" అన్నాడు. శనివారం వచ్చాడు.

కస్టమ్ రూమ్, 3 వర్సెస్ 3, పక్క రూమ్ కుర్రాడితో కలిపి ఆరుగురం. గేమ్‌లో ఈ రూల్ లేదు కాబట్టి స్కోర్ మేమే రాసుకున్నాం. మామూలు కిల్ ఒక పాయింట్. ఒంటరిగా ఉండి ఇద్దరు, అంతకంటే ఎక్కువ మందితో పోరాడుతూ ఒకడిని కొడితే రెండు. మొదటి రాత్రి ఆట మారిపోయింది. ఇదివరకు ఇద్దరం కలిసి ఒకడి మీద కళ్లు మూసుకుని పడేవాళ్లం, పోయేది పావు వంతు హెచ్‌పీనే కదా. ఇప్పుడు మాలో ఒకడు పోతే అవతలి వాళ్లకి రెండు పాయింట్లు. ఆగి, ఒకడు కుడి లైను, ఒకడు ఎడమ లైను పంచుకుని వెళ్లడం మొదలెట్టాం.

కానీ రూల్‌లో ఒక కన్నం ఉంది, దాన్ని కనిపెట్టిందీ నేనే, వాడుకుందీ నేనే. టీమ్‌ని వదిలేసి కావాలని దూరంగా వెళ్లి నిలబడేవాడిని. ఇద్దరు వస్తే నేను ఒంటరివాడినే కదా, కొడితే రెండు! రెండో శనివారం మా వాడు పట్టేశాడు. "కబడ్డీలో ఒంటరి అంటే మిగతావాళ్లు అవుట్ అయినవాడు మావా, మూలకి పోయి అలిగి కూర్చున్నవాడు కాదు" అన్నాడు. రూల్ మార్చాం. తోటివాళ్లిద్దరూ పోయాకే రెండు పాయింట్లు. కోర్టులో ఎంతమంది మిగిలారన్నదే లెక్క, ఎక్కడ నిలబడ్డారన్నది కాదు. ఆ తర్వాత మళ్లీ నేను టీమ్ పక్కనే ఉండాల్సి వచ్చింది.

మొన్న శనివారం ఆఖరి రౌండ్‌లో వాడి టీమ్‌లో ఇద్దరూ పోయారు. వాడొక్కడే, ఎదురుగా నేను, కోచింగ్ కుర్రాడు. వాడి ఫోన్ వెనక తడి గుడ్డ చుట్టి ఉంది, నా సలహా కాదు, మీరు చేయొద్దు. నేను ఎడమ నుంచి వెళ్లా, కుర్రాడిని కుడి నుంచి రమ్మన్నా. వాడు మలుపు దగ్గర ఆగకుండా నా వైపే వచ్చాడు. కుర్రాడు ఇంకా రెండు గోడల అవతల ఉన్నాడు. నా 120 ఎఫ్‌పీఎస్‌లో వాడు రావడం చాలా స్పష్టంగా కనిపించింది, నేను షీల్డ్ లేకుండా ఉన్నానన్నది కూడా. పోయా. రెండు సెకన్ల తర్వాత కుర్రాడు వచ్చి వాడిని లేపేశాడు, మ్యాచ్ మేమే గెలిచాం.

వాడు లేచి బోర్డు దగ్గరికెళ్లి మార్కర్ నా చేతికిచ్చాడు. "నీతో ఆడినదాంట్లో నాకు రెండొచ్చినయ్. 5-2 అని మార్చు" అన్నాడు. అది వేరే ఆట, ఇది వేరే ఆట అని వాదించబోయా. మిగతా నలుగురూ నా వంక చూస్తున్నారు. సున్నా చెరిపి రెండు రాశా.